గరుకు

ఈ బండలు మా నాయన పరిచినవి.
ముప్పై నాలుగేండ్ల కింద, కడప మున్సిపల్ ఈతకొలను చుట్టూ,
ఎర్రగుంట్ల నుంచి లారీలో దిగిన నల్లబండలు.
నేనప్పుడు నీళ్ల డబ్బా మోసే పిల్లోణ్ని.
నాయన మోకాళ్ల మీద కూర్చుని రుద్ది, రుద్ది,
తన మొగం తనకు కనపడేదాకా రుద్ది
"చూడ్రా, అద్దం" అన్నాడు.
ఆ పొద్దు కూలి కంటే ఆ మాటనే
ఎక్కువ భద్రంగా ఇంటికి తీసుకుపోయినాడు.

ఇప్పుడు అదే అద్దం మీద
ఉలి పెట్టమన్నారు.

ఏఈ మేడమ్ కాగితం పరిచింది.
గేటు కాడ మూడు మెట్లు, లోపల ఇంకో రెండు,
నీళ్లలోకి దిగే నిలువు ఇనుప నిచ్చెన.
"ఇవన్నీ గోడలే" అనింది.
నాకు మెట్లు మెట్లుగానే కనపడినాయి, అబద్ధమెందుకు.
అడుగు ఎత్తుకు పన్నెండడుగుల వాలు అనేసరికి
కంట్రాక్టరు కొండప్ప నవ్వినాడు:
"అట్లయితే బస్టాండు దాకా పోతాది మేడమ్.
సగం చాలు, తోసేవాళ్లు తోస్తారు."
"తోసేవాళ్లు లేకుండా పోవాలనే కదప్పా"
అని వెనక నుంచి ఒక గొంతు.

ఖమరున్నీసా. తపాలా ఆఫీసు కౌంటరు.
ఆ మొగం నాకు అంతకు ముందే తెలుసు.
అన్నదమ్ములు ఈత కొడుతుంటే
గేటు బయట, మొదటి మెట్టు పక్కన కూర్చుని
వాళ్ల చెప్పులు, చొక్కాలు, ఒక గడియారం కాపలా కాసేది.
లోపల ఎవరైనా దూకిన చప్పుడైతే
తల ఎత్తేది.

టికెట్టు గది గోడ కొట్టినాం.
వాలు రెండు మలుపులు తిరిగింది.
రసమట్టంలో బుడగ నడిమధ్య నిలబడితేనే
పని సరి అనుకునేవాణ్ని ఇన్నాళ్లూ.
ఇక్కడ బుడగ పక్కకు ఒరగాల,
చెప్పినంతే ఒరగాల.
పాతికేండ్ల బేల్దారి పనిలో
వంకరను ఇంత జాగ్రత్తగా ఎప్పుడూ కట్టలేదు.

నాయన బండలే పీకి వాలుకు పరిచినాం.
ఆమె వచ్చి మగ్గుతో నీళ్లు పోసింది.
తాను సిమెంటు బస్తా మీదికి జరిగి
"నువ్వు కూర్చో" అని కుర్చీ చూపించింది.
కూర్చున్నా. చక్రాలు పట్టుకున్నా.
పట్టు దొరకలేదు.
కింద ఇసుక కుప్ప లేకుంటే పండ్లు రాలేవి.
కూలోళ్లు నవ్వినారు. ఆమె నవ్వలేదు.
"చూసినావా" అనింది, అంతే.

రెండు వారాలు ఉలి దెబ్బలు.
దెబ్బకొక తెల్ల చుక్క,
నల్లబండ మీద నువ్వులు చల్లినట్టు.
నాయన ఉంటే తిట్టేవాడే.
లేదంటే, ఏమో,
ఇక్కడ మిగిలిన బండలతోనే మా స్నానాలగది పరిచినాడు,
ముసలితనంలో అక్కడే జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు.
మంచం మీద నుంచి ఆ గది వైపే చూసుకుంటా
"ఎవడ్రా అంత నున్నగా చేసింది" అన్నాడొకసారి.
మేమెవరమూ జవాబు చెప్పలేదు.

పని అయిపోయింది. నీళ్లు రాలేదు.
మోటారు బిల్లు ఏదో టేబులు మీద ఉందంట.
ప్రారంభం తేదీ మూడుసార్లు మారింది.
ఒక ఆదివారం ఆమె వచ్చి
ఎండిన కొలనులోకే దిగుతానంది.
వాలు మీద తనంతట తాను దిగింది.
లోతు వైపు నేల మరీ ఏటవాలు,
అక్కడ మాత్రం నన్ను పట్టుకోమనింది.
పగుళ్లు, వేపాకు చెత్త, ఎవరిదో చిన్న పిల్లోడి ఈత అద్దాలు.
'ఎనిమిది అడుగులు' అని రాసిన గోడను
అరచేత్తో తడిమింది.
"ఇంతేనా" అనింది.
"నేను మొట్టబావంత అనుకున్నా."

చాలాసేపు అక్కడే ఉంది, మొగం పైకెత్తి,
నీళ్లు ఉండాల్సిన ఎత్తు వైపు చూస్తా.

తిరిగి వాలు ఎక్కేటప్పుడు
నా చేయి దానంతటదే కుర్చీ వెనక్కి పోయింది.
వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నా.
చక్రాల కింద ఉలి చుక్కలు
కరకర, కరకర,
మలుపు కాడ ఒకసారి ఆగి,
మళ్లీ.